నాన్‌లోకల్ కన్ను

"ఈ రోజుతో వరంగల్ చీకటి పోయింది!" అని నిల్వల శాఖా మంత్రిగారు ప్రకటించినప్పుడు పగలు పదకొండు గంటలైంది. ఎండ మాడ్చేస్తోంది. అయినా ఆ మాటకు మేమందరం చప్పట్లు కొట్టాం. అప్పటిదాకా మేము చీకట్లో ఉన్నామని మాకే తెలియకపోవడం మా అజ్ఞానం. ఆ సంగతి కనిపెట్టి చెప్పడం వారి ఔదార్యం.

నేను ఒక దినపత్రికకు వరంగల్ విలేకరిని. మంత్రులు ఏం ప్రారంభించినా ముందు వరసలో నాకో కుర్చీ వేస్తారు. అందువల్ల వారి ప్రతిభను దగ్గరగా చూసే భాగ్యం కలిగింది. పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది వానాకాలంలో కాశిబుగ్గ అవతల, నిల్వల సంస్థ గోదాముల ఆవరణలో జరిగిన ఈ విషయం పత్రికలో కొంతే పట్టింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆవరణలో మూడు గోదాములు, ఒక కంప్యూటర్ గది ఉన్నాయి. ఏ గోదాములో ఏముందో, ఎంతుందో కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. గోదాము నుంచి ఆ కబురు గాజు తీగలో వెలుతురై ప్రయాణం చేస్తుంది. తీగ రెండు కొసలకూ అగ్గిపెట్టెంత మాడ్యూలు ఒకటి బిగించి ఉంటుంది. అక్షరాన్ని వెలుతురు చేసేదీ, వెలుతురును మళ్ళీ అక్షరం చేసేదీ అదే. సంస్థలో అందరూ దాన్ని 'కన్ను' అంటారు. మూడు గోదాముల తీగలూ వచ్చి చేరే పెట్టె పేరు స్విచ్చి. ఉన్నదంతా ఇంతే. ఇంత చిన్న విషయంలో అంత ప్రగతికి చోటుందని మంత్రిగారు వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

పాత స్విచ్చికి కళ్ళు పెట్టే రంధ్రాలు నాలుగుండేవి. మూడు గోదాములకు మూడు పోను ఒకటి మిగిలేది. కొత్త స్విచ్చికి పదహారు.

"మరి మిగతా పదమూడు రంధ్రాలు దేనికి సార్?" అని అడిగాను.

"రాబోయే ప్రగతికి," అన్నారు మంత్రిగారు. నేను రాసుకున్నాను.

"స్విచ్చి కొత్తది. కళ్ళు మాత్రం పాతవే! పాత కళ్ళతో కొత్త చూపు! ఒక్క కన్ను కూడా కొత్తది కొనబోమని ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాను!" అని కూడా వారు అన్నారు. వెనక వరసలో సంస్థ ఇంజనీరు ఎల్లస్వామి చెయ్యెత్తాడు. ముందు వరసలోని సంస్థ ఎండీ గారు వెనక్కి తిరిగి ఆ చేతి వైపు ఒక్క చూపు చూశారు. చెయ్యి దిగింది.

తర్వాత పాత స్విచ్చికి వీడ్కోలు సభ జరిగింది. అయిదేళ్ళు ఒక్క రోజైనా సెలవు పెట్టకుండా పనిచేసిన పెట్టె అది. దానికి చామంతి దండ వేసి, గోడ గడియారం బహూకరించారు. స్విచ్చి తరఫున గడియారాన్ని ఎండీ గారు స్వీకరించి ఇంటికి తీసుకుపోయారు. ఇకమీదట గోదాము సరుకు విడుదల చిట్టీ కంప్యూటరే ఇవ్వాలి, చేత్తో రాస్తే నేరం అని ఉత్తర్వు చదివి, చిట్టీ పుస్తకాలన్నీ అక్కడికక్కడే చిత్తుకాగితాలవాడికి తూచి ఇచ్చేశారు. అంత సమర్థంగా జరిగిన సభను నేను అంతకుముందు చూడలేదు.

ముహూర్తానికి మంత్రిగారు మీట నొక్కారు. కొత్త స్విచ్చికి పెట్టిన మూడు కళ్ళ పక్కన మూడు దీపాలు వెలిగాయి. మూడూ ఎర్రగా వెలిగాయి.

"ఎరుపు మంగళకరం," అన్నారు మంత్రిగారు. మళ్ళీ చప్పట్లు కొట్టాం. వారు కారెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున నేను ఫొటో కోసం వెళ్తే కంప్యూటర్ గది గుమ్మంలో కాశిబుగ్గ చేనేత సొసైటీ అధ్యక్షుడు రాజమల్లు నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. సొసైటీకి మంజూరైన నలభై బేళ్ళ నూలు రెండో గోదాములో ఉంది. దానికి చిట్టీ కావాలి. చిట్టీ ఇవ్వాల్సిన ఆపరేటరు కృపమ్మ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఎర్రలైటు పోతెనే చిట్టీ వస్తది బాపూ," అంది కృపమ్మ. "గోదాం నుంచి కబురే వస్తలేదు. నేనేం జేయాలె?"

"గదేందమ్మా? నా నూలు ఆడనే ఉన్నది. కిటికీ జాలీలకెల్లి సూస్తే నీలం సుట్టలు కనవడుతాన్నయి."

"నీకు కనవడుతాంది బాపూ. కంప్యూటర్‌కు కనవడాలె గద."

రాజమల్లు నా వైపు తిరిగాడు. పేపరాయన అనేసరికి జనానికి ఎక్కడలేని ఆశ పుడుతుంది. "సారూ, ఎనభై మగ్గాలు ఉత్తగ పడి ఉన్నయి. పన్నెండు ఇండ్లు తాళాలేసుకొని బతుకుదెరువుకు బొంబాయి దిక్కు భీవండి పోయిండ్రు. నా తమ్ముడు సారంగపాణి పరుపు సుట్టి పెట్టిండు. నూలు రాకుంటె దసరా ముందటి శనివారం బస్సెక్కుతడట. వాడు పోతె వాడకట్టంత వాని ఎంబడే పోతది. జర జెప్పుండ్రి సారూ."

రాసుకోవడానికి పుస్తకం తీశాను. కానీ నేను వచ్చింది మంత్రిగారి ఫొటో కోసం. ఎండీ గారితో మాట్లాడతానని చెప్పి ఆయన గదిలోకి వెళ్ళాను. అక్కడ అప్పటికే ఎల్లస్వామి నిలబడి ఉన్నాడు.

ఎండీ గారి గురించి రెండు మాటలు చెప్పాలి. వారు ఇరవై రెండేళ్ళు సర్వీసు సెక్షన్లో ఉండి పైకొచ్చారు. ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అని ఫైళ్ళ మీద తేల్చడంలో వారిని మించినవారు రాష్ట్రంలో లేరు. ఒకసారి ఒకే గుమాస్తాను పొద్దున లోకల్‌గా, సాయంత్రం నాన్‌లోకల్‌గా తేల్చి, రెండు ఉత్తర్వులూ సరైనవేనని నిరూపించారు.

"సార్, ఈ కంపెనీ స్విచ్చి ఆ కంపెనీ కన్నును ఒప్పుకోదు," అంటున్నాడు ఎల్లస్వామి. "కన్ను రంధ్రంల సరిగ్గనే పడుతది. కానీ లోపల చిప్పుల కంపెనీ పేరు ఉంటది. స్విచ్చి అది సదువుతది. తన కంపెనీది కాదంటె ఎర్రలైటు వేస్తది."

ఎండీ గారు కళ్ళజోడు తీశారు. వారి ముఖం వెలిగిపోయింది. "అంటే ఎక్కడివాడివని అడుగుతోంది."

"అడుగుడు కాదు సార్..."

"ఇక్కడివాడు కాకపోతే చేర్చుకోనంటోంది. అంతేనా?"

"ఒక తీరుగ అంతె సార్, కానీ..."

"ఎల్లస్వామీ, ఇది టెక్నికల్ సమస్య కాదయ్యా. సర్వీసు మ్యాటరు! స్విచ్చి లోకల్ అభ్యంతరం పెట్టింది. న్యాయమైన అభ్యంతరమే. కన్ను దగ్గర లోకల్ సర్టిఫికెట్ ఉందా?"

"కన్నుకు సర్టిఫికెట్ ఎక్కడుంటది సార్?"

"చూశావా! లేదు. మరి లోపలికి ఎలా రానిస్తుంది?"

ఎల్లస్వామి ఇంకో దారి చూపాడు. "సార్, స్విచ్చి కంపెనీ కళ్ళు మూడు తెప్పిస్తె అయిపోతది."

"కొత్త కన్ను కొనబోమని మంత్రిగారు సభలో మాటిచ్చారు."

"అయితె పాత స్విచ్చి మళ్ళ పెడుత. అరగంట పని."

ఎండీ గారు లేచి నిలబడ్డారు. "రిటైరైనవాణ్ణి మళ్ళీ సర్వీసులోకా? దండ వేసి, గడియారం ఇచ్చి పంపించాక? రేపు ఆఫీసులో రిటైరైన ప్రతివాడూ దీన్ని చూపించి నన్ను కూడా తీసుకోమంటే నువ్వు జవాబు చెప్తావా?"

ఎల్లస్వామి చదివిన పాలిటెక్నిక్‌లో సర్వీసు రూల్సు చెప్పరు. ఎండీ గారి లోతు చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

మర్నాడే మూడు కళ్ళనూ స్విచ్చి నుంచి ఊడదీసి, జీపు ముందు సీట్లో పెట్టుకుని ఎండీ గారు మండలాఫీసుకు బయల్దేరారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. మండలాఫీసు గుమాస్తా అనుభవం గలవాడు. ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా ఫారం తీశాడు.

"అభ్యర్థి పేరు?"

"కన్ను. ఒకటి, రెండు, మూడు. ముగ్గురికీ వేర్వేరు ఫారాలు ఇవ్వండి."

"తండ్రి పేరు?"

"తయారుచేసిన కంపెనీ పేరు రాయండి."

"పుట్టుమచ్చలు?"

ఎండీ గారు ఒక కన్నును తిరగేసి చూశారు. "అడుగున సీరియల్ నంబరు."

"సరే సార్. స్టడీ సర్టిఫికెట్లు పెట్టుండ్రి. ఏడేండ్లల్ల నాలుగేండ్లు ఈడి బడిల సదివినట్టు ఉండాలె. అదుంటెనే లోకల్."

"రూలంటే అలా ఉండాలి," అన్నారు ఎండీ గారు నాతో, జీపు దగ్గరికి నడుస్తూ. బడి దొరకాలి. జీపు డ్రైవరు పిల్లలు చదువుకునే ప్రైవేటు బడి ధర్మసాగర్‌లో ఉంది. దాన్ని దానియేలు మాస్టారు నడుపుతారు. తెల్లటి లాల్చీ, చంకలో హాజరు పుస్తకం. ఎండీ గారు మూడు కళ్ళనూ బల్ల మీద పెట్టి విషయం చెప్పారు. మాస్టారు ఓపిగ్గా విన్నారు.

"ఈ ముగ్గురు మా బడికి వచ్చిండ్రా?"

"రాలేదు. వచ్చినట్టు ఇవ్వాలి."

"గదైతె నాతోని కాదు సార్. బడికి రానోనికి వచ్చిండని రాసిస్తె రేపు ప్రభువుకు ఏం జవాబు జెప్పాలె? తోలియ్యుండ్రి. వస్తె వచ్చిండని రాస్త."

"నాలుగేళ్ళా?"

"అది మీ రూలు. నా రూలు హాజరే."

ఎండీ గారు అక్కడే జీపు బానెట్ మీద ఫైలు పెట్టి నోటు రాశారు. 'అభ్యర్థులు వెలుతురు వేగంతో చదువుతారు కాబట్టి నాలుగేళ్ళ నిబంధనను నాలుగు రోజులకు సడలించడమైనది.' సడలించమని కోరిందీ వారే, సడలించిందీ వారే. అంత త్వరగా కదిలిన ఫైలును నేను మళ్ళీ చూడలేదు.

నాలుగు రోజులూ జీపు ఉదయం తొమ్మిదింటికి కళ్ళను బడికి తీసుకువెళ్ళి, నాలుగింటికి తీసుకువచ్చింది. ఒకటో తరగతి మొదటి బెంచీ మీద మూడింటినీ కూర్చోబెట్టారు. "ఒకటో కన్ను!" అని మాస్టారు పిలిస్తే, సంస్థ అటెండరు లేచి, "హాజర్ సార్!" అనేవాడు. పిల్లలు వాటికి బలపాలు అప్పిచ్చారు. ఎక్కాలు చెప్పేటప్పుడు అవి కిటికీ వైపు చూడలేదని మాస్టారు మెచ్చుకున్నారు. ఒక్క చిక్కు వచ్చింది. కళ్ళకు దుమ్ము పడకుండా రబ్బరు మూతలుంటాయి. తరగతిలో టోపీలు తీయాలని మాస్టారు, తీస్తే పాడవుతాయని ఎల్లస్వామి. చివరికి మతపరమైన ఆచారంగా భావించి మాస్టారు సరే అన్నారు.

అయిదో రోజు మూడు స్టడీ సర్టిఫికెట్లు వచ్చాయి. నడవడిక: తృప్తికరం. చదువు: సామాన్యం. ఆ సాయంత్రానికే మండలాఫీసు నుంచి లోకల్ సర్టిఫికెట్లు కూడా గోళీల్లా దొర్లుకుంటూ వచ్చేశాయి. గెజిటెడ్ అధికారి సంతకం చేసిన నకళ్ళు ఒక్కో కన్నుకూ జిగురుతో అంటించి, ఎల్లస్వామి చేత స్విచ్చికి బిగింపించారు.

దీపాలు మూడూ ఎర్రగానే వెలిగాయి.

గుమ్మంలో రాజమల్లు నేల మీద కూలబడ్డాడు. "ఇంకో అయిదు ఇండ్లు పోయినయి సారూ," అన్నాడు. "కరెంటు మగ్గాల సాంచెల కంపినీల కూలికి పోయిండ్రు. మగ్గం మీద బట్ట తీసినోడు ఆడ సాంచెకు నూనె పోస్తాండు. నా నూలు నా కండ్ల ముంగటనే ఉన్నది. ఇది ఎక్కడి అన్యాలం?"

"ఓపిక పట్టవయ్యా. అభ్యర్థులకు అర్హత వచ్చేసింది. ఇక తప్పు స్విచ్చిదే," అన్నారు ఎండీ గారు. స్విచ్చికి మెమో రాశారు. 'అర్హులైన ముగ్గురు లోకల్ అభ్యర్థులను విధుల్లోకి తీసుకోకపోవడానికి కారణాలు ఏడు రోజుల్లోగా తెలపవలెను.' తీసుకున్నట్టు సంతకం పెట్టకపోవడంతో మెమోను స్విచ్చి మీదే అంటించి, ఇద్దరు సాక్షులతో పంచనామా రాయించారు. ఒక సాక్షిని నేను. రెండో సాక్షి గోదాము వాచ్‌మన్ కట్టయ్య.

"సార్, ఇది సదువుతదా?" అని కట్టయ్య నా చెవిలో అడిగాడు.

"కంపెనీ పేరు చదివినది మెమో చదవదా?" అన్నాను. నాకు ఎండీ గారి పద్ధతి అలవాటైపోయింది.

ఏడు రోజులు గడిచాయి. స్విచ్చి జవాబు ఇవ్వలేదు. ఇంకో ఏడు రోజులు, ఆపైన మరో పదిహేను రోజులు గడువిచ్చారు. అప్పుడూ ఇవ్వలేదు. 'జవాబు రానందున అభ్యంతరం లేనట్టుగా భావించడమైనది' అని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వు ప్రకారం దీపాలు ఆకుపచ్చవి. చూడటానికి మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఈలోగా కబురు వచ్చింది. పాత కళ్ళతో కొత్త చూపు ఎలా ఉందో స్వయంగా చూడటానికి శుక్రవారం మంత్రిగారు వస్తున్నారు. ఆ మర్నాడే సారంగపాణి ఎక్కుతానన్న భీవండి బస్సు. గురువారం మధ్యాహ్నం రాజమల్లు ఎల్లస్వామి దగ్గరికి వెళ్ళి ఏమీ దాచకుండా అడిగాడు.

"బిడ్డా, ఇది నీతోని అయితదా, కాదా?"

"అరగంట పని బాపూ," అన్నాడు ఎల్లస్వామి. "నలభై దినాల సంది అరగంట పనే."

అతను కంప్యూటర్ గది తలుపు దగ్గరికి వేసుకున్నాడు. కొత్త స్విచ్చి మూత విప్పి, లోపలి సామానంతా తీసి, టిఫిను సంచిలో పెట్టుకున్నాడు. మూలన చామంతి దండతో సహా పడి ఉన్న పాత స్విచ్చిని తెచ్చి, ఆ మూత కింద అమర్చాడు. కళ్ళు బిగించాడు. నేను కిటికీలోంచి అంతా చూశాను. ఇది వార్త కాదనిపించి రాసుకోలేదు.

శుక్రవారం మంత్రిగారు వచ్చి చూసేసరికి మూడు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. ఎండీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంటించిన సర్టిఫికెట్లు చూపించి, మెమో చూపించి, ఉత్తర్వు చూపించారు. మంత్రిగారు ఎండీ గారి భుజం తట్టారు.

"చూశారా విలేకరి గారూ! అమెరికావాడు ఇంజనీర్లను పెట్టి చేసేది మనం ఒక సర్టిఫికెట్‌తో చేశాం! రాసుకోండి, కంప్యూటర్ అబద్ధం చెప్పదు. ఏదీ, మొదటి చిట్టీ ఈ నేతన్నకే ఇవ్వండి!"

రాజమల్లు రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు. కృపమ్మ మీటలు నొక్కింది. ప్రింటరు గీరగీరమని అరిచింది. కాగితం చింపి చూసిన కృపమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా అలాగే పట్టుకుంది. మంత్రిగారే అందుకుని గట్టిగా చదివారు.

"ఒకటో గోదాము, నిల్వ సున్నా. రెండో గోదాము, నిల్వ సున్నా. మూడో గోదాము, నిల్వ సున్నా."

కృపమ్మే నోరు విప్పింది.

"సార్, ముప్పై దినాలు ఏ గోదాం నుంచన్నా కబురు రాకపోతె అది ఖాళీ అయిందనుకోమని ప్రోగ్రాం రాసిండ్రు. మనకు నలభై దినాలాయె ఎర్రలైటు. అందుకని తుడిచేసింది. సరుకు ఆడనే ఉన్నది సార్. మళ్ళ ఎక్కిస్తె..."

"ఎక్కించాలంటే ఏం కావాలి?" అన్నారు ఎండీ గారు.

"నలభై దినాలు నడవలేదని రాసియ్యాలె సార్. మీ సంతకంతోని."

ఎండీ గారు మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు కాగితం వైపు చూశారు. మహానుభావులు ఇలాంటి క్షణాల్లోనే బయటపడతారు. మంత్రిగారి ముఖం మెల్లగా విచ్చుకుంది.

"సున్నా! ఎలుకలు తిన్నది సున్నా, తేమకు చెడింది సున్నా, దొంగలు ఎత్తుకెళ్ళింది సున్నా! రాష్ట్రంలో ఏ జిల్లా అయినా ఈ మాట అనగలదా? నష్టం లేని మొదటి జిల్లా వరంగల్!"

"సార్, నష్టం కాదు, నిల్వే సున్నా..." అంది కృపమ్మ.

"అమ్మాయ్, నిల్వ ఉంటేనే కదా నష్టం!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. మంత్రిగారు కారెక్కాక రాజమల్లు గుమ్మంలోకి వచ్చాడు. రెండో గోదాము జాలీ కిటికీ వైపు చూశాడు. నీలం చుట్టలు అక్కడే ఉన్నాయి. తర్వాత ఎండీ గారి ముందుకు వెళ్ళాడు. అతని గొంతు చాలా మెత్తగా ఉంది.

"సారూ, రెండో గోదాంల ఏం లేనట్టేనా?"

"లేనట్టే. మంత్రిగారే చెప్పారు కదయ్యా."

"అదే ఒక కాయితం మీద రాసియ్యుండ్రి. మా సొసైటోళ్ళు నమ్మరు. సూపించాలె."

ఎండీ గారికి ప్రాణం లేచొచ్చింది. నలభై రోజులుగా ఈ మనిషి అడిగినవాటిలో తను ఇవ్వగలిగింది ఇదొక్కటే. వెంటనే టైపు చేయించి, మూడు ప్రతుల మీద సంతకం పెట్టి, రబ్బరు స్టాంపు వేశారు. ఆ ఊపులోనే ఇంకో ఉత్తర్వు కూడా వేశారు. ఖాళీ గోదాములకు వాచ్‌మన్ వృథా కాబట్టి, కట్టయ్య ఇకమీదట కొత్త స్విచ్చికి కాపలా ఉండాలి.

"మరి తాళాలు సార్?" అన్నాడు కట్టయ్య.

"ఖాళీ గోదాముకు తాళమెందుకయ్యా?"

శనివారం పొద్దున పది గంటలకు, అందరూ ఆఫీసుకు వచ్చి కూర్చున్నాక, కాశిబుగ్గ నుంచి ఆరు ఎడ్లబండ్లు గోదాముల ఆవరణలోకి వచ్చాయి. రాజమల్లు ముందు బండి మీద ఉన్నాడు. జేబులోంచి ఎండీ గారి కాగితం పైకి కనిపిస్తోంది. రెండో గోదాము తలుపు తోస్తే తెరుచుకుంది. మనుషులు బేళ్ళను దొర్లించుకుంటూ బయటికి తెచ్చారు. స్విచ్చికి కాపలా ఉన్న కట్టయ్య, అది ఎక్కడికీ పోదని చూసుకుని, వచ్చి ఒక చెయ్యి వేశాడు. సారంగపాణి బస్టాండుకు పోతూ దారిలో అన్న కబురు విని అటే వచ్చినట్టున్నాడు, భుజం మీద పరుపు చుట్ట ఉంది. దాన్ని గోడ పక్కన పడేసి బేలుకు భుజమిచ్చాడు.

నిండిన ముందు బండి ఎండీ గారి కిటికీ ముందు నుంచి పోతుండగా వారు ఫైలు లోంచి తలెత్తారు.

"రాజమల్లూ, ఏమిటయ్యా బండ్ల మీద?"

"ఏం లేదు సార్," అన్నాడు రాజమల్లు. బండి దిగి వచ్చి, కాగితాన్ని కిటికీలోంచి అందించాడు.

ఎండీ గారు చదివారు. కింద సంతకం చూశారు. తమదే. స్టాంపు చూశారు. దాని తేదీ చూశారు. బండి మీద ఉన్న బేళ్ళను ఇంకోసారి చూసి, కాగితాన్ని ఇంకోసారి చదివారు.

"అవును," అన్నారు. "సరిగ్గానే ఉంది." కాగితం వెనక్కి ఇచ్చి, మళ్ళీ ఫైల్లో తల దూర్చారు. రాతకు ఇంత విలువిచ్చే అధికారిని నేను చూడటం అదే మొదలు. నలభై బేళ్ళూ గేటు దాటేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. నాకు అంత సంతోషం ఎందుకయిందో మా ఎడిటరుకు చెప్పలేదు.

నెల తిరిగేసరికి నష్టం లేని జిల్లాగా వరంగల్‌కు అవార్డు వచ్చింది. దాన్ని స్వయంగా ఇవ్వడానికి మంత్రిగారు అదే ఆవరణకు వచ్చారు. నేత సొసైటీ తరఫున రాజమల్లు వేదిక ఎక్కి, నీలం అంచు దుప్పటి ఒకటి వారి భుజాల చుట్టూ కప్పాడు. మంత్రిగారు దాన్ని తడిమి చూసి మురిసిపోయారు.

"భలే ఉందయ్యా! నూలు ఎక్కడిది?"

"మీ రెండో గోదాందే సార్."

వేదిక మీద ఎండీ గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. మంత్రిగారు పెద్దగా నవ్వారు.

"అందులో ఏమీ లేదని నేనే ప్రకటించాను కదయ్యా! మన నేతన్నకు ఎంత హాస్యమో చూశారా!"

సభ అంతా నవ్వింది. రాజమల్లు కూడా నవ్వాడు. మంత్రిగారు దుప్పటి సవరించుకుని మైకు ముందుకు వచ్చారు.

"సోదర సోదరీమణులారా! వరంగల్ సాధించిన ఈ సున్నాను ఇక్కడితో ఆపం! వచ్చే నెల నుంచి జిల్లాలోని దవాఖానాలన్నిటి మందుల గోదామును కూడా ఇదే స్విచ్చి కిందికి తెస్తున్నాం. మనకింకా పదమూడు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి!"

చప్పట్లు దద్దరిల్లాయి. వేదిక దిగి వచ్చిన రాజమల్లు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. అతని నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. నా వైపు వంగాడు.

"సారూ, రేపు అవి గూడ సున్నా అయితె... ఆ మందుల గోదాంకు వాచ్‌మన్ ఎవలు?"

కనుక్కుని చెప్తానన్నాను.